గుట్టెక్కి దిగిన బండి: ఇంటర్ ఫస్టియర్‌లో ఒక గ్రాఫుల కేసు

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తా, పదిహేనేళ్ళు దాటింది. ఏటా మోషన్ ఇన్ ఎ స్ట్రెయిట్ లైన్ చాప్టర్ దగ్గర సెక్షన్‌కి ఓ పది మంది గ్రాఫుల్లో దెబ్బతింటారు, మేం "ప్రాక్టీస్ చెయ్యండమ్మా, అదే వస్తుంది" అనేసి పక్క చాప్టర్‌కి పోతాం, సిలబస్ తరుముతుంటుంది మరి. ఈ ఒక్క కేసు మాత్రం రాసిపెట్టుకోవాలనిపించింది. ఇందులో తప్పు సగం పిల్లదైతే సగం నాది, నా సగం నాకు కనపడ్డానికే దాదాపు నెలన్నర పట్టింది. ఊరు, కాలేజీ, పేరు చెప్పను, గుర్తుపట్టే వీలున్న వివరాలు రెండు మూడు మార్చేశా.

నేపథ్యం

అమ్మాయి ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, లెక్కల్లో గట్టి పిల్ల. వి ఈక్వల్స్ యు ప్లస్ ఏటీ లాంటి ఫార్ములా లెక్కలు ఎన్నిచ్చినా టకటకా చేసి పడేసేది, యూనిట్లు కూడా మర్చిపోదు. అందుకే మొదటి వీక్లీ టెస్ట్‌లో గ్రాఫు ప్రశ్నలు ఐదుకి ఐదూ తప్పు పెట్టినప్పుడు టైమ్ చాల్లేదేమో అనుకున్నా. రెండో వారం కూడా అదే, ఐదుకి సున్నా. ఊరికే టిక్కులు పెట్టినా ఒకటైనా తగలాలి కదా. సున్నా వచ్చిందంటే ఊరికే పెట్టట్లేదు, ఏదో ఒక రూల్ పట్టుకుని శ్రద్ధగా తప్పు చేస్తోంది. ఇది అప్పుడే ఆలోచించాల్సిన విషయం, నేను ఆలోచించలేదు.

సమస్య ఏంటి

మూడో వారం స్టాఫ్ రూమ్‌కి పిలిచి ఒక ఎక్స్-టి గ్రాఫు (నిలువుగా స్థానం, అడ్డంగా టైమ్) గీసిచ్చా. 4 సెకన్లలో 0 నుంచి 20 మీటర్లకి ఏటవాలు గీత, 6వ సెకను దాకా అడ్డంగా, అక్కణ్ణించి 10వ సెకనుకి మళ్ళీ సున్నాకి. కథలా చెప్పమన్నా.

"బండి గుట్ట ఎక్కింది సార్. పైన చదునుగా ఉంది, అక్కడ మామూలుగా పోయింది. తర్వాత దిగింది."

స్పీడ్ ఎప్పుడు ఎక్కువ అంటే "దిగేటప్పుడు సార్, ఎక్కేటప్పుడు స్లో కదా" అంది, చాలా నమ్మకంగా. అసలు ఆ బండి తిన్నని రోడ్డు మీద సెకనుకి 5 మీటర్ల చొప్పున ముందుకి పోయి, 2 సెకన్లు ఆగి, అదే స్పీడ్‌తో వెనక్కొచ్చింది. తన బుర్రలో మాత్రం గ్రాఫు అంటే రోడ్డు ఫొటో. ఇది మన పిల్లలకే ఉన్న జబ్బు కాదు, 1994లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వచ్చిన టగ్-కె అనే గ్రాఫుల టెస్ట్‌లో తప్పు ఆప్షన్లు కొన్ని సరిగ్గా ఈ పొరపాటుని పట్టుకోవడానికే పెట్టారు. గ్రాఫుని బొమ్మలా చూడటం, వాలు (గీత ఎంత ఏటవాలుగా ఉందో) అడిగితే ఎత్తు చెప్పడం, ఎక్స్-టి గ్రాఫునీ వి-టి గ్రాఫునీ (నిలువుగా వేగం ఉండేది) ఒకటే అనుకోవడం, అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి. మా అమ్మాయి దగ్గర మూడూ ఉన్నాయి, కాకపోతే ఆ రోజు నాకు మొదటిదే కనపడింది.

మొదటి ప్రయత్నం: రూల్స్

నా లెక్క ఏంటంటే, తనకి ఫార్ములాలు బాగా వస్తాయి కాబట్టి గ్రాఫుని కూడా ఫార్ములాలా ఇచ్చేస్తే పట్టేస్తుంది. ఒక చిన్న టేబుల్ రాసిచ్చా: ఎక్స్-టి వాలు అంటే వేగం, వి-టి వాలు అంటే త్వరణం (ఎసిలరేషన్), వి-టి కింద వైశాల్యం అంటే స్థానభ్రంశం (మొదటి చోటి నుంచి ఎంత జరిగిందో). మర్నాటికి నిద్రలో లేపి అడిగినా చెప్పేట్టు బట్టీ పట్టింది.

తర్వాత ఇంకో గ్రాఫు ఇచ్చా. రెండు సైకిళ్ళు, రెండు తిన్నని గీతలు. మొదటిది 0 దగ్గర బయల్దేరి 5 సెకన్లలో 20 మీటర్ల దగ్గరికొచ్చింది, రెండోది 10 మీటర్ల దగ్గర బయల్దేరి అదే 5 సెకన్లకి అదే 20 మీటర్ల దగ్గరికొచ్చింది. గీతలు అక్కడ కలుసుకున్నాయి. కలిసిన చోట రెండిటి స్పీడూ సమానమేనా అని అడిగా. సమానం అంది. ఎలా అన్నా. ఈసారి ప్రూఫ్ కూడా చూపించింది: "వాలు అంటే పైన 20, కింద 5, 4 వచ్చింది సార్. రెండోదానికి కూడా 20 బై 5, 4."

నాకు కాసేపు నోట మాట రాలేదు. రెండోది కదిలింది పదే మీటర్లు, దాని వేగం 2. కానీ తను 'ఎంత మారింది' అనేది చూడకుండా ఆ పాయింట్ దగ్గర ఎంతుందో అదే తీసుకుని టైమ్‌తో భాగించింది. గీత సున్నా నుంచి మొదలైతే ఈ తప్పు పద్ధతి కూడా కరెక్ట్ ఆన్సరే ఇస్తుంది, మన పుస్తకాల్లో, నా బోర్డు మీద ముప్పాతిక గీతలు సున్నా నుంచే మొదలవుతాయి, ఇంక తప్పు బయటపడేదెలా? పైగా ఇక్కడ ఒక తప్పు ఇంకో తప్పుకి సాక్ష్యం చెప్తోంది. కలిసిన చోట స్పీడ్ సమానం అన్న పాత నమ్మకానికి నేనిచ్చిన రూలే రుజువైపోయింది.

రెండో ప్రయత్నం: వర్క్‌షీట్లు

ఇది ఎక్కువ చెప్పుకునేంత విషయం కాదు. నలభై గ్రాఫులు ఇచ్చా, పది రోజుల్లో పదికి ఎనిమిది వస్తున్నాయి, నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నా. ఎందుకో ఒకరోజు అనుమానమొచ్చి పాత షీట్‌లోని గుట్ట బొమ్మే తీసుకుని నిలువు గీత పక్కన ఎక్స్ కొట్టేసి వి రాసి ఇచ్చా. అదే ఆన్సర్ రాసింది, అక్షరం మారలేదు. అడ్డంగా ఉన్న ముక్క దగ్గర "బండి ఆగింది" అని. వి-టి గ్రాఫులో ఆ ముక్క అంటే బండి ఒకే వేగంతో దూసుకుపోతోందని అర్థం, ఆగడం కాదు. పది రోజుల్లో తను నేర్చుకుంది ఫిజిక్స్ కాదు, ఫలానా ఆకారానికి ఫలానా జవాబు అని.

మూడో ప్రయత్నం: యానిమేషన్

కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లలో మూవింగ్ మ్యాన్ అని ఒకటుంది, బొమ్మ మనిషిని అటూ ఇటూ నడిపిస్తే కింద పొజిషన్, వెలాసిటీ, ఎసిలరేషన్ గ్రాఫులు వాటంతటవే గీసుకుంటాయి. మంచి టూల్, నేనేమీ అనను. ప్రొజెక్టర్ పెట్టి చూపించా, క్లాస్ అంతా ఆహా ఓహో అంది, అమ్మాయి కూడా తలూపింది. అయితే ప్లే నొక్కేముందు "ఇప్పుడు వెనక్కి నడిపిస్తా, వెలాసిటీ గీత ఎటు పోద్దో చెప్పు" అంటే చెప్పలేదు. మౌస్ నా చేతిలో ఉంది, మూడు గ్రాఫులు ఒకేసారి కదుల్తున్నాయి, తన కళ్ళు మనిషి బొమ్మ మీద ఉన్నాయి. ముందు ఊహించి చెప్పి తర్వాత చూసి ఉంటే తగిలేదేమో. ఊరికే చూస్తే అది సినిమానే.

ఇక్కడ ఆగి ఒక నిర్ణయం తీసుకున్నా: ఇంక నేను చెప్పను, తనతోనే చెప్పిస్తా. వారంలో మూడు రోజులు క్లాసయ్యాక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, ఆన్సర్ తప్పైనా సరిదిద్దకుండా ఎందుకలా అనుకున్నావని అడగడమే. మొదటి రోజు భయపడి ఏమీ మాట్లాడలేదు. రెండో రోజు గుట్ట గ్రాఫు దగ్గర గట్టిగా అడిగితే అనేసింది: "సార్, మీరే అన్నారు కదా సార్, గ్రాఫు పైకి వెళ్తోంది, కిందికి దిగుతోంది అని."

నిజమా అని మర్నాడు క్లాసులో ఫోన్ టేబుల్ మీద పెట్టి నా పాఠం నేనే రికార్డు చేసుకున్నా. ఇంటికెళ్ళి విన్నా. పైకి వెళ్తోంది, కిందికొస్తోంది, దిగిపోయింది, ఒకే క్లాసులో ఇరవై మూడు సార్లు. ఏది పైకి వెళ్తోందో ఒక్కసారి కూడా అనలేదు. అసలే తెలుగులో మనకి ఇంట్లో వేగమన్నా స్పీడన్నా ఒకటే, పుస్తకంలో మాత్రం స్పీడ్‌కి వడి, వెలాసిటీకి వేగం. తెలుగు మీడియం నుంచొచ్చిన పిల్లకి మైనస్ వేగం అంటే "స్లో అవడమా సార్?" అనే డౌట్ రావడం చాలా న్యాయం. దాని మీద నేను ఈ పైకీ కిందికీ పోశా.

ఏది పనిచేసింది

మా కాలేజీ వరండాలో రెండడుగుల టైల్స్. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర టైల్‌ని సున్నా అని, అక్కణ్ణించి వరసగా చాక్‌పీసుతో నంబర్లు వేశా. తన ఫ్రెండ్ ఒకమ్మాయి చప్పట్లు కొడుతుంది, ఇంకొకమ్మాయి ప్రతి చప్పట్టుకీ ఏ టైల్ మీద ఉందో రాస్తుంది. నేను గ్రాఫు చూపిస్తా, తను ఆ గ్రాఫుని నడవాలి. గ్రాఫు నుంచి కథ చెప్పమంటే బొమ్మ అడ్డొస్తోంది కాబట్టి కథ నుంచి గ్రాఫుకి, గ్రాఫు నుంచి ఒంటికి పోదామని నా ఆలోచన. వరండాలో గుట్టలు లేవు కదా, ఎక్కడానికీ దిగడానికీ వీల్లేదు.

మొదటిదే గుట్ట గ్రాఫు ఇచ్చా, ఎక్స్-టి. నడుస్తూ పోయింది, అడ్డ గీత వచ్చేసరికి కాళ్ళు ఆగలేదు, ఇంకో రెండు టైల్స్ నడిచేసి రాసే అమ్మాయిని చూసింది. ఆ అమ్మాయి "ఏయ్, నంబర్ మారకూడదే, గీత అడ్డంగా ఉంది" అంది. మా అమ్మాయి ఇంకా నడుస్తూనే "అంటే నిలబడాలా?" అని చప్పున ఆగింది. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. అక్కడ నిలబడి ఓ నాలుగు చప్పట్లు వింది. "సార్, నేనాగినా టైమ్ పోతూనే ఉంది, అందుకే గీత పక్కకి పోతోంది" అంది. నెలన్నరలో తన నోటి నుంచొచ్చిన మొదటి కరెక్ట్ వాక్యం అది, నేను చెప్పకుండా వచ్చింది.

ఎక్స్-టి గ్రాఫులు రెండు రోజుల్లో దారికొచ్చాయి. వి-టికి మాత్రం వరండా ముందు సరిపోలేదు, ఎందుకంటే టైల్ నంబర్ కనపడుతుంది, వేగం కనపడదు. అప్పుడు స్కూటర్ గుర్తొచ్చింది. తను రోజూ అన్నయ్య బండి వెనక కూర్చుని వస్తుంది. పాత బండి, ముల్లు మీటరే, కింద కిలోమీటర్ల అంకెలు. ఫోన్‌లో నిమిషానికోసారి బీప్ పెట్టుకుని, అన్నయ్య భుజం మీంచి ముల్లు చూసి నంబర్ పైకి చెప్తూ రికార్డు చేసుకోమన్నా, బయల్దేరేముందు, దిగాక కిలోమీటర్ల అంకె రాసుకోమన్నా. కిలోమీటర్ల అంకె ఎక్స్, ముల్లు వి, ఒకే ప్రయాణానికి రెండు వేరే మీటర్లు. ఇదీ నేను చూపించాలనుకున్నది.

పది రీడింగులు తెచ్చింది: 20, 30, 40, 40, 30, 0, 0, 30, 40, 30. మధ్యలో సున్నాలేంటి అంటే "గేటు పడింది సార్." రైల్వే గేటుకి వెయ్యి దండాలు పెట్టుకున్నా, అంత మంచి ఉదాహరణ నేను కల్పించినా దొరికేది కాదు. ఆ రెండు నిమిషాలు కిలోమీటర్ల గ్రాఫులో ఎక్కడుంటాయి అంటే "పైన, అడ్డంగా" అని గీసింది. ముల్లు గ్రాఫులో? "కింద, సున్నా గీత మీద." ఆగడం ఒకటే, బొమ్మలు రెండు. ఇక వర్క్‌షీట్ నాటి 'అడ్డంగా ఉంటే ఆగింది' మళ్ళీ నాకు కనపడలేదు.

వైశాల్యం కూడా ఇక్కడే వచ్చేసింది. గంటకి 60 అంటే నిమిషానికి ఒక కిలోమీటరు, 30 అంటే అర కిలోమీటరు, అలా ఒక్కో నిమిషం ముక్కా వేసుకుంటూ పోతే మొత్తం 260 బై 60, అంటే 4.3 కిలోమీటర్లు. బండి మీటర్ చూపించింది 4.5. ఎక్కడ పోయింది ఆ 200 మీటర్లు అని నేను అడగలేదు, తనే అడిగింది, తనే కాసేపు పెన్ను కొరికి "బీప్‌కీ బీప్‌కీ మధ్య అన్నయ్య స్పీడ్ మార్చుంటాడు" అంది. మరి ఏం చెయ్యాలి అంటే అర నిమిషానికోసారి చూస్తానంది. అంటే సన్న ముక్కలు. ఇంటిగ్రేషన్ పేరు కూడా ఎత్తకుండా ఆ పని అయిపోయింది.

మళ్ళీ ఒక ఎదురుదెబ్బ

స్కూటర్ ఇచ్చినంత తీసుకుంది కూడా. తర్వాత వి-టి గ్రాఫు ఒకటి ఇచ్చా, సెకనుకి ప్లస్ 6 మీటర్ల దగ్గర మొదలై తిన్నగా దిగి 3 సెకన్లకి సున్నా, 6 సెకన్లకి మైనస్ 6. అమ్మాయి బిక్కమొహం వేసింది: "సార్, ముల్లు సున్నా కిందికి పోదు కదా." కరెక్టే! స్పీడోమీటర్ చూపించేది వడి, వేగం కాదు. ఎంత స్పీడో చెప్తుంది కానీ ముందుకా వెనక్కా అన్నది ముల్లు చెప్పదు. నేనే మీటర్‌ని వెలాసిటీ మీటర్ అని పరిచయం చేసి నేనే ఇరుక్కున్నా. స్కూటర్‌ని ఇంకాస్త సాగదీద్దామా, మైనస్ చూపించే ఊహా మీటర్ అందామా అని ఆలోచించి వద్దనుకున్నా, లేని మీటర్ మీద ఇల్లు కట్టడం ఎందుకు, వరండాలో వెనక్కి నడవడం నిజంగా ఉంది కదా.

4వ టైల్ మీద నిలబెట్టా. సున్నా మీద కాదు, సైకిళ్ళ తప్పు గుర్తుంది కాబట్టి కావాలనే. మొదటి చప్పట్టుకి 3 టైల్స్ ముందుకి, తర్వాత 2, తర్వాత 1, తర్వాత కదలకు, తర్వాత వెనక్కి 1, 2, 3. రాసే అమ్మాయి దగ్గర టైల్ నంబర్లు వచ్చాయి: 4, 7, 9, 10, 10, 9, 7, 4. అడుగుల లెక్క వేరే వరసలో: ప్లస్ 3, 2, 1, 0, మైనస్ 1, 2, 3. రెండూ గ్రాఫు పేపర్ మీద ఒకదాని కింద ఒకటి గీయించా. పైన గుట్ట, కింద తిన్నగా దిగే గీత.

చాలాసేపు చూసింది. అంతకుముందు వి-టి గీత సున్నాని తాకితే "మొదటి చోటికి వచ్చేసింది" అనేది. ఇప్పుడు వేలు కింది సున్నా మీద పెట్టి, తిన్నగా పైకి జరిపి గుట్ట నెత్తి మీద ఆపింది. "ఇక్కడే అన్నిటికంటే దూరంగా ఉన్నా" అంది. మరి 6 నుంచి మైనస్ 6 దాకా పోయిన ఆ గ్రాఫు సంగతి? 3 సెకన్లకి 9 మీటర్లు ముందుకి, తర్వాత 9 వెనక్కి, స్థానభ్రంశం సున్నా, నడిచింది 18, ఎసిలరేషన్ మొదట్నుంచీ చివరిదాకా మైనస్ 2. ఇవన్నీ నన్ను చూడకుండా రాసింది.

కలిసే గీతల ముడి ఒకటి మిగిలింది, అది విప్పడం తేలిక. రైల్వే కంట్రోల్ ఆఫీసుల్లో ఒక చార్ట్ ఉంటుంది, అడ్డంగా టైమ్, నిలువుగా స్టేషన్లు, ఒక్కో రైలుకీ ఒక ఏటవాలు గీత. ఇప్పుడు కంప్యూటర్లోకి వచ్చింది కానీ పద్ధతి అదే. స్పీడ్ రైలుకి గీత నిటారుగా ఉంటుంది, స్టేషన్‌లో ఆగితే అడ్డంగా. సింగిల్ లైన్ మీద ఎదురెదురు రైళ్ళ గీతలు కలిసేది ఎక్కడ అని అడిగా. "క్రాసింగ్ సార్! స్టేషన్‌లోనే కలవాలి, లేకపోతే గుద్దుకుంటాయి" అని నవ్వేసింది. మనలో క్రాసింగ్ కోసం గంటసేపు ప్యాసింజర్‌లో కూర్చోని వాళ్ళు ఎవరు? అక్కడ నిలబడ్డ మన బండిదీ దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్‌దీ స్పీడ్ సమానమా అని నేను అడక్కముందే సైకిళ్ళ కాగితం బయటికి తీసి రెండో సైకిల్ కింద 10 బై 5, 2 అని దిద్దుకుంది.

నేను మార్చుకున్నవి

క్లాసులో గ్రాఫు పైకి వెళ్తోంది అనడం మానేశా, ఇంకా అప్పుడప్పుడు జారుతుంది, పిల్లలే "ఏది సార్?" అని అరుస్తారు. స్థానం పెరుగుతోంది, వేగం ప్లస్ నుంచి మైనస్‌కి మారింది, ఇలా పూర్తిగా అంటున్నా. వాలు అనే మాట వారం ఆలస్యంగా చెప్తున్నా, అప్పటిదాకా 'ఎంత సేపట్లో ఎంత మారింది' అంతే. బోర్డు మీద మొదటి గీత సున్నా నుంచి గీయను. టెస్టులో ఒకే బొమ్మ రెండుసార్లు ఇస్తా, ఒకసారి నిలువు గీత మీద ఎక్స్, ఒకసారి వి. ఎప్‌సెట్ కోచింగ్ వాళ్ళు దీన్ని టైమ్ వేస్ట్ అంటారు, ఆప్షన్లు కొట్టేసే ట్రిక్కులు ఉన్నాయి కదా అని. ఉన్నాయి, నాకూ వచ్చు. మా అమ్మాయి ఆ వర్క్‌షీట్ల పది రోజుల్లో అవే నేర్చుకుంది, లేబుల్ మార్చగానే కూలిపోయింది. ఇది అందరికీ ఇలాగే పనిచేస్తుందని నేననను, తర్వాత ఇద్దరు ముగ్గురితో వరండా ఒక్కటే సరిపోయింది, స్కూటర్ దాకా పోలేదు.

డిసెంబర్‌లో ఆసిలేషన్స్ మొదలుపెట్టా. అలల్లాంటి ఎక్స్-టి గ్రాఫు గియ్యగానే మూడో బెంచీలోంచి తనే "సార్, నిలువు గీత మీద ఏముంది?" అంది. స్థానం అన్నా. అయితే కొసల దగ్గర వేగం సున్నా అంది, శభాష్ అన్నా. మరి అక్కడ ఎసిలరేషన్ అన్నా. "అదీ సున్నానే సార్, ఆగింది కదా." వేగం సున్నా అయిన చోట ఎసిలరేషన్ కూడా సున్నా, పైకి విసిరిన బంతి పైకొసలో ఆగింది కాబట్టి అక్కడ ఎసిలరేషన్ లేదనుకునే పాత తప్పే ఇది, వేరే బట్టలేసుకుని వచ్చింది. చాక్‌పీసు నంబర్లు ఎప్పుడో చెరిగిపోయాయి, సోమవారం మళ్ళీ వెయ్యాలి.